దాంపత్యంలో శుచీశుభ్రతలు: సిగ్గు అడ్డు రాకూడని మాట

 

నిఖా జరిగి ఏడాదైనా నిండని ఒక సోదరి తన ఆపా ద్వారా మాకు ఒక ప్రశ్న పంపింది. భర్త సెల్‌ఫోన్‌లో అశ్లీల దృశ్యాలు చూసి, మలద్వారానికి నోరు తాకించే పని చేయమని ఆమెను బలవంతపెడుతున్నాడు. ఆమె కాదంటే, భర్త మాట వినని భార్యకు స్వర్గం లేదని భయపెడుతున్నాడు. తాను పాపం చేస్తున్నానా అన్నది ఆమె ఆవేదన.

లేదు సోదరీ! మీరు పాపం చేయడం లేదు, పాపం నుండి తప్పుకుంటున్నారు. సృష్టికర్త ఆజ్ఞకు విరుద్ధమైన పనిలో ఏ మనిషికీ విధేయత చూపనక్కర లేదని దైవప్రవక్త (స) మనకు బోధించారు. భర్త హక్కు కూడా ఆ హద్దు లోపలిదే.

ఇటువంటి విషయాలు పత్రికలో రాయాలా అని కొందరు అనుకోవచ్చు. అన్సారీ స్త్రీలు ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. మీ ప్రవక్త మీకు మలవిసర్జన పద్ధతి కూడా నేర్పుతారా అని అవిశ్వాసులు ఎగతాళి చేసినప్పుడు, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) అవునని నిస్సంకోచంగా జవాబిచ్చి, ఆ నియమాలను వివరించారు. ఈ ధర్మంలో శుచీశుభ్రతల పాఠం అక్కడి నుండే మొదలవుతుంది.

ఇక ఆదేశం సంగతి. మలం నజాసత్ అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం లేదు. దాన్ని నోటిలోకి తీసుకోవడం హరామ్. దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 222వ ఆయతులో అల్లాహ్ రుతుస్రావ కాలంలో భార్యతో సంభోగానికి దూరంగా ఉండమన్నాడు. పశ్చాత్తాపపడేవారినీ, పరిశుద్ధంగా ఉండేవారినీ ప్రేమిస్తానన్నాడు. కొద్ది రోజుల మాలిన్యం విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, ఎల్లప్పుడూ మాలిన్యం ఉండే చోటు సంగతి వేరే చెప్పాలా? మిస్వాక్‌తో శుభ్రపరచుకోమన్న నోరు ఇది. ఖుర్‌ఆన్ పారాయణం చేసే నాలుక ఇది.

బాగా కడుక్కుంటే తప్పేమిటని కొందరు వాదిస్తారు. ఇస్తింజాతో నమాజుకు కావలసిన శుభ్రత లభిస్తుంది. ఇది అల్లాహ్ మనకు కల్పించిన సౌలభ్యం. అంతమాత్రాన ఆ చోటు నోటితో తాకదగినదైపోదు. నీరు కంటికి కనిపించే మలినాన్ని తొలగిస్తుంది కాని, పేగుల నుండి వచ్చే సూక్ష్మక్రిములన్నిటినీ తొలగించలేదు.

వైద్యులు చెప్పేది వినండి. ఒకరి మలంలోని క్రిమి మరొకరి నోటిలోకి చేరితే హెపటైటిస్-ఎ రకం కామెర్లు వస్తాయి. ఇవి క్రిమి సోకిన 15 నుండి 50 రోజులలో బయటపడతాయి. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా క్రిములు 10 నుండి 100 దాకా లోపలికి పోయినా చాలు, వ్యాధి వస్తుంది. జియార్డియా, అమీబా, నులిపురుగులు కూడా ఇదే దారిన వస్తాయి. గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ వంటి సుఖవ్యాధులు కూడా ఈ పని వల్ల సోకవచ్చు. పైకి ఆరోగ్యంగా కనిపించే వ్యక్తి నుండి కూడా ఇవి రావచ్చు. పైగా ఆ జబ్బు ఇద్దరితో ఆగదు. చేతులు సరిగా కడుక్కోకుండా వంట చేస్తే ఇంటిల్లిపాదికీ, పసిపిల్లలకూ అంటుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కామెర్లు, విరేచనాలు ఎక్కువగా కలుషితమైన నీరు, ఆహారం వల్లనే వస్తాయి. కనుక జబ్బుపడిన వారినెవరినీ అనుమానించకండి. దురనుమానం మహాపాపం.

ఇప్పటికే ఈ పని జరిగి ఉంటే ఏం చేయాలి? జ్వరం, రక్త విరేచనాలు, కళ్లు పచ్చబడటం, నోటిలో గాని మలద్వారం దగ్గర గాని పుండ్లు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. పసరు మందు కోసం తిరిగి కాలయాపన చేయకండి. జరిగింది డాక్టరుకు దాచకుండా చెప్పండి. పడకగది రహస్యాలను నలుగురిలో చెప్పడం నిషిద్ధమే కాని, చికిత్స కోసం వైద్యునికి చెప్పడం ఆ కోవలోకి రాదు. సుఖవ్యాధి అని తేలితే భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. హెపటైటిస్-ఎ, హెపటైటిస్-బి రాకుండా టీకాలు ఉన్నాయి. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఉపదేశించారు.

భర్తలకు ఒక మాట. మీ ఇల్లాలు అల్లాహ్ మీకు అప్పగించిన అమానతు. డబ్బు కోసం పరాయివాళ్లు తీసిన దృశ్యాలను ఆమెపై ప్రయోగించకండి. మీలో ఉత్తముడు తన ఇంటివారి పట్ల ఉత్తమంగా మెలిగేవాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హలాల్ మార్గంలో అల్లాహ్ మీకు కావలసినంత ఆనందం ఉంచాడు. ఫోన్‌లోని ఆ మలినాన్ని ఈ రోజే తుడిచేసి తౌబా చేసుకోండి. తౌబా ద్వారం తెరిచే ఉంది.

అల్లాహ్ మన శరీరాలనూ, చూపులనూ, సంసారాలనూ పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.