ఐదు ముఖాలు చాలు

వేములవాడ రాజన్న గుడి చుట్టూ దుకాణాల్లో రుద్రాక్ష దండలు వేలాడుతుంటాయి. ఇవి ఎక్కువగా నేపాల్, ఇండోనేషియాల నుంచి వచ్చే గింజలు. నీలిరంగు పండు గుజ్జు ఒలిస్తే లోపల గరుకుగా ఉండే టెంక బయటపడుతుంది. పైనుంచి కిందికి దిగే గాళ్లే దాని ముఖాలు. ఐదు ముఖాలది విరివిగా, చవకగా దొరుకుతుంది. ఏకముఖి అంటూ వేలకు వేలు గుంజేవాళ్లతోనే తంటా! గాళ్లు చెక్కేవాళ్లున్నారు, జిగురుతో అతికేవాళ్లూ ఉన్నారు. నీళ్లలో మునిగితే అసలుదేనన్న మాటా నమ్మకండి. బాగా ఎండిన అసలు గింజ తేలవచ్చు, బరువైన నకిలీ మునగవచ్చు. జపమాలకు 108 పూసలు, వాటికి పైన మేరుపూస. అక్కడికి రాగానే దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుతారు. అలా తిప్పడానికి పంచముఖి చాలు. మిగిలిన పైసలు రాజన్నకు కోడెను కట్టే మొక్కుకు దాచుకోండి.