నేర్పినవాని పేరు

సూరతు నగరముతో ముడిపడిన పట్టువస్త్రమొకటి కలదు. దాని పేరు తంచోయి. 19వ శతాబ్దములో జంషెడ్జీ జీజీభాయి అను పార్సీ వర్తకుడు జోషీ వంశస్థులైన ముగ్గురు సోదరులను సూరతునుండి చైనాకు పంపెననియు, వారు అక్కడ ఛోయి అను నేతగానియొద్ద పని నేర్చి మరలి వచ్చిరనియు పరంపరగా చెప్పుకొందురు. 'తన్' అనగా ముగ్గురు; 'ఛోయి' గురువు పేరు. తాము నేసిన బట్టకు ఆ సోదరులు తమ వంశనామము పెట్టుకొనలేదు.

ఆ నేత సులభమైనది కాదు. పువ్వులను దిద్దు అదనపు పేక దారములు వెనుకవైపున వ్రేలాడక బట్టలోనే ఇమిడిపోవును. వెనుకవైపును ఎవరు చూతురు? అయినను పనివాని మనస్సు తెలియునది అక్కడనే.

గురువు గతించిన పిమ్మట అతని జ్ఞాపకము దేనిలో నిలుచును? పేరులోనా, పనిలోనా? సూరతులో తంచోయి నేత క్షీణించెను. నేడది కాశీ మగ్గములమీద సాగుచున్నది. ఛోయి ముఖమును గాని, ఊరిని గాని ఎరుగని చేతులు అతని పేరుగల బట్టను నేయుచున్నవి.

నిర్గమకాండము 35వ అధ్యాయములో ప్రత్యక్షగుడారపు పనివారైన బెసలేలు, అహోలీయాబుల ప్రస్తావన యున్నది. దేవుడు వారికి నేతపని మొదలగు నేర్పులనే గాక, వాటిని ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ ఇచ్చెనని అక్కడ చదువుదుము. ఆ 'నేర్పుట' అను హెబ్రీ మాటయు, ధర్మశాస్త్రమునకు పేరైన 'తోరా' అను మాటయు ఒకే ధాతువునుండి వచ్చినవి. మగ్గము ప్రక్కన పలికిన మాటకు ఇంతకంటె గౌరవమేమి కావలెను?

అయితే సూరతులోనే మరియొక సంగతి యున్నది. తెలంగాణమునుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబములు దశాబ్దములుగా అక్కడ మరమగ్గములమీద బ్రదుకుచున్నవి. వాటిని వారు సాంచాలు అందురు. వారిలో పెద్దవారికి గుంటమగ్గము తెలియును. కండెలు చుట్టుట, పడుగు సరిచేయుట, అచ్చు అతుకుట, తెగిన పోగును ముడి కనబడకుండ కలుపుట, ఇవి ఏ బడిలోను నేర్చినవి కావు. తండ్రియో తాతయో ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పినవి. ఆ తాత పేరు ఏ వస్త్రమునకును లేదు. సాంచామీద 12 గంటల షిఫ్టు చేయువానికి ఆ విద్యలో చాల భాగము అక్కరకు రాదు. కుమారునికి అతడు దానిని నేర్పను లేదు.

అతడు కృతఘ్నుడా? నీతిబోధకులు ఇటువంటి చోట్ల తొందరపడుదురు. నేర్చినది నేర్పుట ధర్మమే. కాని ఆకలితో ఉన్న ఇంటిలో అన్నము పెట్టని విద్యను కొడుకుమీద మోపుటయు ధర్మమేనా? గురుఋణమంతయు శిష్యుని మీదనే వేయుట న్యాయము కాదు. చౌకబట్టను కోరినవాడును ఆ ఋణములో పాలివాడే. పెండ్లికి పట్టుచీర కొని, నేసినదెవరని అడుగని భక్తులు సైతము.

రాత్రి షిఫ్టులో పోగు తెగును. అతడు సాంచాను ఆపి, వంగి, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను ఒక్కసారి నులిమి కలుపును, తాత చూపిన రీతిగానే. సాంచా మరల నడచును.