ఆమెకు పొరుగువారెవరు?

ధ్యానభాగములు: లూకా 10:25–37, 1 రాజులు 19:1–8



మన సంఘములలో ఏ పల్లెకు పోయినను ఇట్టి యిల్లు ఒకటైనను కనబడును. అత్తగారు పక్షవాతముతో మంచము పట్టియున్నది. కోడలు తెల్లవారకముందే లేచి ఆమెకు ఒళ్లు తుడిచి, పక్కబట్టలుతికి, గంజి త్రాగించి, పిదప కూలికి పోవును. ప్రొద్దుగూకి వచ్చిన తరువాత మరల అదే పని. అందరును తినగా కుండలో మిగిలినదే ఆమె భోజనము. కళ్లు తిరుగుచున్నవనియు, నాలుగడుగులు నడిచిన ఆయాసము వచ్చుచున్నదనియు ఆమె చెప్పినయెడల, “ఏమి చేయుదుమమ్మా, అది నీ సిలువ” అని ఓదార్చి, ప్రార్థన చేసి లేచి వచ్చుచున్నాము. ఈ ఓదార్పు వాక్యానుసారమైనదేనా? పరిచర్య చేయు విశ్వాసి తన దేహమును చూచుకొనుట స్వార్థమగునా?

పొరుగువానిని ఎంతగా ప్రేమింపవలెనో లేవీయకాండము 19:18 తెలుపుచున్నది. ఎవడు తన్ను ఎట్లు ప్రేమించుకొనునో ఆ కొలతచొప్పుననే. కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు కుంచమునకు చిల్లి యుండినయెడల కొలిచినదంతయు తక్కువే యగును. తన ప్రాణమునకు ఏ విలువయు లేదని ఒకరికి నేర్పుట పొరుగువాని ప్రేమను పెంచుట కాదు, కుంచమునకు చిల్లి పెట్టుట. మరియు ఆమె దేహము పనిముట్టు కాదు. విశ్వాసి దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ 6:19). ఆ మాట మంచముమీద నున్న ఆమెకెంత వర్తించునో, మంచముప్రక్క నిలిచిన ఆమెకును అంతే వర్తించును.

ఏలీయాను చూడుడి. అలసిపోయి, చెట్టుక్రింద పడి, చావును కోరుకొన్న ప్రవక్తను దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను. తిని మరల పండుకొనగా రెండవమారును లేపి తినిపించెను. హోరేబునకు నలువది దినముల ప్రయాణము ఆ తరువాతనే. మన పరామర్శలో మొదట ప్రసంగమున్నది, రొట్టె యెప్పుడో గాని లేదు.

ఇక మంచి సమరయుని సంగతి. ఆయన గాయపడినవానిని చూచి జాలిపడి, గాయములు కట్టి, తన వాహనముమీద ఎక్కించి, పూటకూళ్లయింటికి చేర్చి, ఆ రాత్రి పరామర్శించెను. మరునాడు ఏమి చేసెనో మనము త్వరగా దాటిపోవుచున్నాము. ఆయన పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చెను. అది ఆ కాలమున రెండు దినముల కూలి. ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చి తీర్చెదనని మాట యిచ్చి తన ప్రయాణము సాగించెను. ప్రేమగలవాడైనను సమస్తమును తానొక్కడే మోయలేదు. పనిని మరియొకనికి అప్పగించెను, ఖర్చిచ్చి అప్పగించెను, తిరిగి వత్తునని చెప్పి అప్పగించెను. మనము ఆ కోడలికి పని అప్పగించితిమి. దేనారములేవి? ఎప్పుడు తిరిగి వత్తుము?

“సిలువ నెత్తుకొనుమని ప్రభువు చెప్పలేదా?” అని మీరడుగవచ్చును. చెప్పెను. అయితే తన ప్రాణమును ఎవడును తీసికొనుట లేదనియు, తానే దానిని పెట్టుచున్నాననియు ఆయన యోహాను 10:18లో తెలిపెను. ప్రేమతో ఎత్తుకొనునది సిలువ. కొడుకులు, ఆడుబిడ్డలు, సంఘస్థులు తమ భుజము తప్పించుకొని ఒకతెపై మోపినది సిలువ కాదు. ఆమెను త్యాగమూర్తి యని పొగడుచు ప్రక్కగా పోవువారము, ఆ త్రోవను పోయిన యాజకునికంటె లేవీయునికంటె ఏమి మేలు? ప్రభువు మోయవలసిన సిలువను సహితము కురేనీయుడైన సీమోను మోసెనుగదా (మార్కు 15:21).

ఈ బోధను సోమరితనమునకు ముసుగుగా వేసికొనకుడి. దేవునికి అర్పించితిమని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది ఎగగొట్టువారిని ప్రభువు మార్కు 7వ అధ్యాయములో గద్దించెను. అపొస్తలులకు భోజనము చేయుటకైనను తీరిక లేనప్పుడు, ఏకాంతమునకు వచ్చి అలసట తీర్చుకొనుడని ఆయనే పిలిచెను. జనులు వెంటబడగా కనికరపడి వారికి బోధించి, ఆహారము పెట్టెను. కాని సాయంకాలమున శిష్యులను దోనె యెక్కించి పంపి, తాను ప్రార్థనకు కొండకు వెళ్లెను (మార్కు 6:31–46). విశ్రాంతి వాయిదాపడెను గాని రద్దు కాలేదు.

దేహమును గూర్చిన చింత సువార్తకు వెలుపలిదని మన పూర్వులు తలంపలేదు. 1883లో గుంటూరునకు వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లరుగారు 1898లో అచ్చట స్త్రీల కొరకు ఆసుపత్రి తెరచిరి. నేటికిని ఆ అవసరత తీరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. కడపట తినుచు, మిగిలినది తినుచు బ్రదుకు స్త్రీకి కళ్లు తిరుగుట వింత కాదు.

కాబట్టి ఈ నెలలో మన సంఘము చేయదగిన పనులు కొన్ని యున్నవి. స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని వారమునకొక పూట రోగియొద్ద కూర్చుండి, ఆ తల్లిని నిద్రపోనియ్యవలెను. ఆశా కార్యకర్తను పిలిచి, ఆమెకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయింపవలెను. పిడికెడు బియ్యపు కానుకలో కొంత ఆ యింటికి పోవలెను. కుమారులారా, మీ తల్లికి ఒళ్లు తుడుచుట ఆడవారి పనియని తప్పించుకొనకుడి. తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినవాడు మన ప్రభువే. ఇంటనున్న పురుషులారా, నేటి రాత్రి ఆమె వడ్డించుకొనకముందు మీరు పళ్లెము ముందుకు లాగుకొనకుడి.

ఇట్లు సేవచేయు సహోదరీ, నీవు వేడి అన్నము తిని కొంతసేపు పండుకొనినందున దేవుడు నీమీద కోపించడు. ఏలీయాకు రొట్టె పంపినవాడు నీ ఆకలిని ఎరుగును. నీ రొట్టెను మాచేత పంపవలెనని ఆయన కోరుచున్నాడు. ఆలస్యము చేయకుండ ఆయన మాకు సహాయము చేయును గాక. ఆమేన్.