ఎవరి మాట మీద?

ఆ మధ్య ఒక రిలీజు ఫారంలో ‘సోర్సు అంతా చూశాను’ అని టిక్కు పెట్టాను. అబద్ధం కాదు, నిజంగానే చూశాను. కానీ కస్టమర్‌కి వెళ్ళింది సోర్సు కాదు, బైనరీ. అది తయారైంది ఒక కొలీగ్ లాప్‌టాప్ మీద. అందులో ఏ కంపైలర్ ఉందో, అతను దాన్ని ఎక్కణ్ణుంచి దింపుకున్నాడో నేను అడగలేదు. మరి నేను దేనికి పూచీ పడ్డట్టు?

ఈ చిక్కు పాతదే. 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్ దీన్ని విప్పి చూపించాడు. కంపైలర్‌లో ఒక దొంగతలుపు పెట్టి, అది తనను తాను కంపైల్ చేసుకున్న ప్రతిసారీ ఆ తలుపుని మళ్ళీ బిగించుకునేలా చేస్తే, తర్వాత సోర్సులో దాని ఆనవాలు చెరిపేసినా బైనరీలో బతికే ఉంటుంది. ఎంత చదివినా దొరకదు. పూర్తిగా నువ్వే రాసుకోని కోడ్‌ని నమ్మలేవని ఆయన తేల్చాడు. నాకది నిజమే గానీ ఎందుకూ కొరగాని నిజం అనిపించేది. అంతా సొంతంగా రాసుకునేదెవరు?

నెట్‌బీఎస్‌డీ సోర్సులో బిల్డ్.ఎస్‌హెచ్ అనే షెల్ స్క్రిప్టు ఉంది. దాన్ని లైనక్స్ మీద నడిపినా, మ్యాక్ మీద నడిపినా, ఆ మెషీన్‌లో ఉన్న మేక్‌నీ సెడ్‌నీ నమ్ముకోదు. (సెడ్‌లో ‘-ఐ’ దగ్గర మ్యాక్‌కీ లైనక్స్‌కీ పడదని దెబ్బతిన్నవాళ్ళకి తెలుసు.) హోస్టులో ఉన్న సీ కంపైలర్‌తో ముందు తన పనిముట్లు తాను కట్టుకుంటుంది: ఎన్‌బీమేక్, ఎన్‌బీసెడ్, చివరికి సొంత క్రాస్ కంపైలర్. ఆ తర్వాతే కెర్నెల్, మిగతా సిస్టమ్. పరాయి ఇంట్లో దిగి సొంత పొయ్యి పెట్టుకోవడం లాంటిది. ఇటుకలు మాత్రం ఆ ఇంటివే, థాంప్సన్ భయం అక్కడే ఉంది.

బిల్డ్ చేసిన తేదీ, ఫోల్డర్ దారి, ఫైళ్ళు కనిపించే వరస లాంటివి తెలీకుండానే బైనరీలోకి జారిపోతాయి. వాటిని ఏరేసి, ఒకే సోర్సు నుంచి ప్రతిసారీ బిట్టు తేడా లేని సిస్టమ్ వస్తుందని నెట్‌బీఎస్‌డీ 2017లో ప్రకటించింది. అప్పుడు మ్యాక్ మీద క్లాంగ్‌తో ఒకసారి, లైనక్స్ మీద జీసీసీతో ఒకసారి మొదలుపెట్టి, చివరికొచ్చిన వాటిని పోల్చొచ్చు. రెండూ ఒకటే అయితే రెండు హోస్టులూ మంచివైనా అయ్యుండాలి, ఒకే రకంగా చెడ్డవైనా అయ్యుండాలి. థాంప్సన్ దొంగతలుపుని ఇలా రెండో కంపైలర్ సాయంతో పట్టుకోవచ్చని డేవిడ్ వీలర్ 2009 నాటి తన థీసిస్‌లో వాదించాడు.

ఇందులో మచ్చలేని మెషీన్ ఒక్కటి కూడా అక్కర్లేదు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు అనుమానాస్పద సాక్షులు చాలు. అయితే సోర్సులోనే విషముంటే అందరూ ఒకే అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా చెబుతారు, అది వేరే సంగతి.

నేను కొలీగ్‌ని అడగకపోవడానికి కారణం నమ్మకం కాదు, మొహమాటం. అడిగితే ‘నా మీద డౌటా?’ అంటాడని. ఇన్నాళ్ళూ ఆ రెంటినీ ఒకటే అనుకున్నాను. పోయిన వారం అడిగేశాను. కాసేపు ముఖం ముడుచుకున్నాడు, తర్వాత కంపైలర్ వెర్షన్ పంపాడు. అదే వెర్షన్‌తో నా మెషీన్ మీద కట్టాను. హ్యాష్‌లు కలవలేదు. తేదీ తీసేశాం. అతని పేరున్న హోమ్ డైరెక్టరీ దారి బైనరీలో పదకొండు చోట్ల కనిపించింది, ఇద్దరం నవ్వుకున్నాం, అదీ తీసేశాం. ఇంకా నలభై బైట్లు తేడా ఉంది. వెతుకుతున్నాం.