ఆదివారం అతిథులు

సెలవురోజొస్తే మా పాతబస్తీ మీకు ముద్దొస్తుంది. 1591 నాటి చార్మినార్ దగ్గర ఫొటోలు దిగుతారు. ఇరానీ చాయ్ తాగుతారు. లాడ్ బజార్లో లక్కగాజులు బేరమాడతారు. రండి, మీ బేరంతో మా ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిప్పుసెగన కూర్చుని, కరిగిన లక్కమీద ఒక్కో రాయీ అద్దే మనిషికో? సోమవారం అతను మీ వీధిలో అద్దెకు ఇల్లడుగుతాడు. పేరు చెప్పగానే ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోతుంది.

అందరూ అంతేనని మేం అనం. కానీ మా గల్లీని ఇష్టపడ్డానికి మీకేం ఖర్చయింది? మేం మీ గడపకొచ్చిన రోజునే కదా ఆ ఇష్టం నిగ్గుతేలేది! మీ కోసం దస్తర్‌ఖాన్ పరిచాం. మీ వాకిట్లో మాకు చోటుందా?