ఎవరి పేరున ఈ శిక్ష?

రేపటి శిక్ష ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, అందులో ఒక రకాన్ని మా పాలమూరు వాళ్ళం ముందే చూశామని చెప్తాను. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో. 'దిశ' అని మనం పిలుచుకున్న పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారన్న ఆరోపణతో పట్టుబడ్డ నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. నేరం జరిగి పదిరోజులు కాలేదు. చార్జిషీటు లేదు, వాదన లేదు, తీర్పు లేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్ళు రాఖీలు కట్టారు.

ఆ రాఖీ దగ్గరే నేను ఆగిపోతాను. కాపాడే అన్నకు కట్టేది రాఖీ. కానీ ఆ రాత్రి తమను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. 'మా పరిధి కాదు' అన్న ఆ పాత మాటే. కేసు నమోదులో ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. విచారణ జరిగి ఉంటే ఆ గంటల లెక్క కోర్టులో తేలేది. ఎన్‌కౌంటర్ ఆ లెక్కనూ మూసేసింది.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మిత్రురాలు అప్పుడన్నది: "కోర్టుకు పోతే ఏమైతదక్కా? సచ్చినామెనే బోనెక్కిస్తరు. ఆడ బండెందుకు పెట్టింది, ఆ యాళ్ళకు ఎందుకు పోయింది అని అడుగుతరు."

ఈ మాటను తోసెయ్యలేం. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీకి జరిగింది మన ఉద్యమానికి తెలుసు. పోలీసులు దోషులేనని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చినా, కేసు రాయచూరుకు మారి, అక్కడి కోర్టు వాళ్ళను వదిలేసింది. ఆమె నడతనే తవ్విపోశారు. మిత్రురాలి భయానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే అదే కథలో నేరం చేసింది ఖాకీ బట్టలవాళ్ళు. కోర్టు మీద నమ్మకం లేక తుపాకీని నమ్ముదామంటే, ఆ తుపాకీ ఎవరి చేతిలో ఉంది?

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది. పదిమంది పోలీసులను విచారించాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లంది. పూలు చల్లేవేళ వాళ్ళ వయసు ఎవరూ అడగలేదు.

మిర్యాలగూడలో 2018లో జరిగిన కులహత్యది ఇంకో దారి. గర్భిణి అయిన భార్య కళ్ళముందే దళిత యువకుణ్ణి నరికించారు. నల్లగొండ కోర్టు తీర్పుకు 2025 మార్చి దాకా పట్టింది. మొదటి నిందితుడైన ఆమె తండ్రి 2020లోనే చనిపోయాడు. నరికినవాడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం. ఉరి నాకు సమ్మతం కాదు. ఆరున్నరేళ్ళ ఆలస్యమూ కాదు. కానీ సుపారీ ఎవరిచ్చారు, ఎవరు కుదిర్చారు అన్నది అక్కడ సాక్ష్యాలతో రికార్డుకెక్కింది. చటాన్‌పల్లిలో మనకు దక్కనిది అదే.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. చిన్న నేరాలు కొన్నింటికి సమాజసేవను శిక్షగా పెట్టారని అందరూ మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అంతకన్నా పెద్దగా కనిపించింది, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోకెక్కడం. ఇదంటే మిత్రురాలు నవ్వింది: "రాసుకునుడు గూడ శిక్షేనా అక్కా?"

కాదు. రాసుకోకపోవడానికి శిక్ష ఉండాలి. అత్యాచారం వంటి నేరాల సమాచారం నమోదు చెయ్యని ఉద్యోగికి ఆరునెలల నుంచి రెండేళ్ళ కఠిన కారాగారం అని 2013లోనే చట్టంలో రాశారు. కొత్త సంహితలోనూ అది ఉంది. కూతురు ఇంకా ఇంటికి రాలేదన్న ఫిర్యాదు మాత్రం ఆ జాబితాలో లేదు.