సంచిలోని రెండు రాళ్లు

ధ్యానమునకు: సామెతలు 20:10, మొదటి రాజులు 22, లూకా 24:1-12, మత్తయి 8:1-4



సంతలో కుండ కొను తల్లి దానిని ఎత్తి, వ్రేలితో కొట్టి, మ్రోత విని గాని డబ్బు ఇవ్వదు. ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. మన ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు తోలుకొనిపోయినప్పుడు అక్కడివారు తేమ చూతురు. నూటికి 17 వంతులు మించినయెడల ఆరబెట్టుకొని రమ్మందురు. కొంచెము సణుగుదుము గాని, ఆ పరీక్ష న్యాయమేయని ఒప్పుకొందుము. ఇంత జాగ్రత్తగల మనమే, ఫలాని ఇంటి కోడలినిగూర్చి కొళాయియొద్ద ఎవరో అన్న మాటను, ఫోనులో ఎవరో పంపిన వార్తను, ఏ పరీక్షయు లేకుండ ఇంటికి తెచ్చుకొని, ప్రొద్దు గ్రుంకకమునుపే పది ఇండ్లకు పంచిపెట్టుదుము. కుండకున్నపాటి పరీక్ష మనుష్యుని పేరునకు లేకపోయెను.

అన్నిటిని పరీక్షింపుమని మేము చెప్పుటలేదు. తల్లి వడ్డించిన అన్నమును ఎవడు పరీక్షించును? బస్సు ఎక్కినవాడు డ్రైవరును లైసెన్సు చూపుమని అడుగునా? అట్టి నమ్మిక లేనియెడల ఒక్క దినమైనను గడవదు. కాటారాయిమీద ప్రభుత్వపు ముద్ర చూచి మనము ఊరకుందుము. ఎందుకనగా మనకు ముందుగా మరియొకరు దానిని పరీక్షించియున్నారు. ఇది తప్పు కాదు. తప్పు వేరొకచోట నున్నది. అది ఎక్కడో సొలొమోను చూపుచున్నాడు.

పూర్వకాలపు ఇశ్రాయేలులో వర్తకుడు తూనికరాళ్లను సంచిలో వేసికొని తిరిగెడివాడు. మోసగాని సంచిలో ఒకే పేరుగల రాళ్లు రెండుండును. కొనునప్పుడు బరువైనది, అమ్మునప్పుడు తేలికైనది తీయును. చూపునకు రెండును ఒక్కటే. అట్టి రాళ్లు యెహోవాకు హేయములని సామెతలు చెప్పుచున్నవి. వాటితో తూచుటయే కాదు, సంచిలో ఉంచుకొనుటయే కూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున ఉన్నది. మాటలను తూచుటలోకూడ మనకు ఇట్టి రెండు రాళ్లున్నవి. ఇష్టమైన మాటకు ఒకటి, ఇష్టములేని మాటకు ఒకటి. గొప్పవాని నోటి మాటకు ఒకటి, బీదవాని నోటి మాటకు ఒకటి.

అహాబు రాజును చూడుడి. రామోత్గిలాదుమీదికి యుద్ధమునకు పోవలెనని అతనికి ముందే మనసున్నది. ఇంచుమించు నాలుగు వందలమంది ప్రవక్తలు పొమ్మనిరి. సిద్కియా ఇనుప కొమ్ములు చేయించుకొని వచ్చి మరీ చెప్పెను. వారిలో ఒక్కనినైనను, ఈ మాట నీకు ఎట్లు తెలిసెనని రాజు అడిగెనా? లేదు. మీకాయా ఒక్కడు వేరుగా చెప్పగనే అతనిని చెరసాలలో వేయించి, తాను క్షేమముగా తిరిగివచ్చువరకు కష్టపు రొట్టెయు నీళ్లును ఇయ్యుడనెను. నాలుగు వందల మాటలకు పరీక్ష లేదు, ఒక్క మాటకు మాత్రము సంకెళ్లు! అతడు మీకాయాను ద్వేషించుటకు కారణము దాచనులేదు. తన్నుగూర్చి మేలు పలుకడట. అయితే ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. మీకాయాను అబద్ధికుడని బంధించిన ఆ రాజే యుద్ధములోనికి మారువేషముతో పోయెను. మాట నిజమని లోలోపల తెలియకున్నయెడల వేషమెందుకు? మనకు ఇష్టములేని మాటకు సాక్ష్యము చాలదని మనము గొడవచేయునప్పుడు, అనేకసారులు అది చాలినదని మన అంతరంగమునకు తెలిసియే యుండును.

పునరుత్థాన దినమునకు వత్తము. మగ్దలేనే మరియయు యోహన్నయు యాకోబు తల్లియైన మరియయు, వారితోకూడ మరికొందరు స్త్రీలును సమాధియొద్దనుండి పరుగున వచ్చి చెప్పిరి. అపొస్తలులకు ఆ మాటలు వట్టి కబుర్లుగా తోచెను. తాను లేచెదనని ప్రభువు ముందుగా చెప్పియుండినను, చెప్పినది స్త్రీలు గనుక కాబోలు, నమ్మకపోయిరి. పేతురు ఒక్కడు లేచి సమాధియొద్దకు పరుగెత్తి వంగి చూచెను. పేతురు చేసినదే పరీక్ష; కూర్చున్నచోటనే ఉండి తల ఊపి త్రోసివేయుట పరీక్ష కాదు. ఆ దినముననే పట్టణములో వేరొక కథ బయలుదేరెను. కావలివారు నిద్రపోవుచుండగా శిష్యులు వచ్చి దేహమును ఎత్తుకొనిపోయిరట. నిద్రపోవువారికి వచ్చినది ఎవరో ఎట్లు తెలిసెను? చిన్నపిల్లవాడు అడుగదగిన ప్రశ్న ఇది. అయినను ఆ కథ వ్యాపించెనని మత్తయి 28వ అధ్యాయము చెప్పుచున్నది. దానికి డబ్బు తోడున్నది, పెద్దలు వెనుకనున్నారు.

ఇక్కడ తోమానుగూర్చి ఒక మాట. అవిశ్వాసి తోమా అని మన పిల్లలకుకూడ నేర్పుచున్నాము. అతడు లేని సాయంకాలమున ప్రభువు తక్కిన శిష్యులకు తన చేతులను ప్రక్కను చూపెనని యోహాను 20వ అధ్యాయమున స్పష్టముగా ఉన్నది. వారు చూచినదానినే తోమాయు చూడగోరెను. ప్రభువు అతనిని గద్దించినను వెలివేయలేదు. వచ్చి, గాయములనే చూపెను.

మన తెలుగు సంఘముల చరిత్రలోకూడ ఈ రెండు రాళ్లు కనబడును. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి ఎక్కువమంది మాదిగలు. వీరు క్రీస్తుకొరకు వచ్చిరా, గంజికొరకు వచ్చిరా అని లోకము అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. క్లౌ గారును దానిని ఎరిగినవారే. అందుచేతనే కరవు సహాయము సాగుచున్నంతకాలము బాప్తిస్మమియ్యక ఆపియుంచిరి. సహాయము నిలిచిన తరువాతనే ఆ జనులు ఏటియొద్దకు దిగిరి. అంతకంటె పరీక్ష ఏమి కావలెను? అయినను ఆ ప్రశ్న మాత్రము నేటికిని చావలేదు. పొలమున్నవాడు గుడికి గాని చర్చికి గాని గోపురము కట్టించినయెడల, ఇతడు దేవునికొరకు కట్టించెనా పేరుకొరకు కట్టించెనా అని ఎవరు అడుగుచున్నారు?

పరుల సంగతి ఏల? మన ప్రార్థనకూటములలోనే చూతము. కూలిపనికి పోవు సహోదరి లేచి దేవుడు నాకు ఇట్లు చేసెనని చెప్పినప్పుడు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూచిరి అని మూడు ప్రశ్నలు వేయుదుము. కారులో వచ్చిన బోధకుడు మైకు పట్టుకొని, నీ రోగము పోయెను, మాత్రలు మానుమని చెప్పినప్పుడు, ఒక్క ప్రశ్నయు లేక ఆమేన్ అందుము. క్షయరోగపు మాత్రలు సాధారణముగా ఆరు నెలలు మ్రింగవలెను. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒంటికి బలము వచ్చి, రోగము పోయినట్లే యుండును. అప్పుడు మానినయెడల అది తిరిగి లేచి, ఆ మందులకు లొంగకయు పోవచ్చును, ఇంటిలోని పసిపిల్లలకును అంటవచ్చును. ఇది ప్రాణములతోకూడిన సంగతి గనుక మేము దీనిని మెల్లగా చెప్పజాలము.

యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేసిన తరువాత ఏమి చేసెను? యాజకునియొద్దకు పోయి కనబరచుకొమ్మనెను. లేవీయకాండము 13, 14 అధ్యాయములను చదువుడి. యాజకుడు మచ్చను చూచును, నిశ్చయము కానియెడల ఏడు దినములు కడగా ఉంచి మరల చూచును. స్వస్థపరచినవాడు దేవుని కుమారుడైయుండగా పరీక్ష ఎందుకని ప్రభువు అనలేదు. తన కార్యమును పరీక్షకు తానే పంపెను. పౌలు చెప్పిన మాటనే బెరయవారు దినదినము లేఖనములతో సరిచూచిరి. అందువలన ఘనులైరే గాని దోషులు కాలేదు. మా ప్రసంగములనుకూడ మీరు ఆలాగే సరిచూడవలెను. మాకు అందులో అవమానమేమియు లేదు.

కావున మన సంఘములలో స్వస్థత సాక్ష్యము చెప్పగోరువారు మొదట ప్రభుత్వ ఆసుపత్రికి పోయి, కళ్లె పరీక్షయో రక్త పరీక్షయో డాక్టరుగారు చెప్పినది చేయించుకొని రండి. క్షయకు పరీక్షయు మందులును అక్కడ ఉచితమే. మాత్రలు మానుమని డాక్టరుగారు చెప్పువరకు మానకుడి. ఒంటరిగా పోలేనివారికి సంఘపెద్దలలో ఒకరు తోడు వత్తురు. కూలి పోవునని వెనుదీయువారు మాతో చెప్పుడి. రోగము లేదని చీటి వచ్చిన ఆదివారమున ఆ సాక్ష్యమునకే మొదటి చోటు. చెప్పువారు కారులో వచ్చినను, కాలినడకను వచ్చినను.